డయాలిసిస్ గంటలూ రక్తపోటూ: ఒక మరుపు చరిత్ర

మూత్రపిండాలు పనిచేయడం మానేసిన మనిషికి తిన్న ఉప్పూ తాగిన నీరూ బయటికి పోయే దారి దాదాపుగా మూసుకుపోతుంది. అలా మిగిలిపోయిన ద్రవం రక్తంలోనూ కణాల వెలుపలా చేరి, రక్తనాళాలను నింపి, గుండెకు మోయలేని పని పెడుతుంది. దీర్ఘకాలం డయాలిసిస్ మీద బతికే రోగుల్లో అధిక రక్తపోటు అంత విస్తారంగా కనిపించడానికి మొదటి కారణం ఇదే. శరీరం తన ద్రవాల్లో ఉప్పు పాలు మారకుండా చూసుకుంటుంది గనుక, మూత్రం రాని రోగి 9 గ్రాముల ఉప్పు తింటే దాహం తీరేదాకా నీళ్లు తాగి, సుమారు ఒక లీటరు ద్రవాన్ని ఒంట్లో నిలవ చేసుకుంటాడు. ఈ లెక్కలో రహస్యమేమీ లేదు. అయినా ఇటువంటి రోగి రక్తపోటు ఎంత ఉండాలి, దాన్ని ఏ విధంగా తగ్గించాలి, తగ్గిస్తే ఆయుష్షు పెరుగుతుందా అన్న ప్రశ్నలకు వైద్యలోకం అరవై ఏళ్లుగా ఇస్తూ వచ్చిన జవాబులు ఒకే దిక్కుగా సాగలేదు. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో స్పష్టంగా కనిపించిన విషయం 1980ల నాటికి మరుగున పడింది, 1990లలో గణాంకాలు దానికి పూర్తిగా విరుద్ధమైన సంగతి చెబుతున్నట్టు తోచింది. ఆ మరుపు వెనుక వైద్యశాస్త్రం పాత్ర కొంతే. గడియారం పాత్రా, ఖర్చుల పద్దు పాత్రా అంతకన్నా ఎక్కువ.

మూత్రపిండాలకూ రక్తపోటుకూ సంబంధం ఉందన్న అనుమానం రక్తపోటును కొలిచే సాధనం కంటే పాతది. లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్, మూత్రపిండాలు చెడిపోయి చనిపోయినవారి గుండె పెరిగి ఉండడాన్ని 1836లోనే నమోదు చేశాడు. అదే ఆసుపత్రిలో 1870లలో ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ నాడి ఒత్తిడిని గీతగా గీసే పరికరంతో రోగులను పరీక్షించి, మూత్రంలో దోషం కనబడక ముందే నాడి బిగువెక్కవచ్చునని చూపాడు. ఈ మహమ్మద్, పాట్నాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన షేక్ దీన్ మహమ్మద్‌కు మనుమడు. తక్కువ వయసులోనే 1884లో మరణించకపోతే అధిక రక్తపోటు చరిత్రలో అతని పేరు ఇంకా పెద్ద అక్షరాలతో ఉండేది. ఉప్పు సంగతి 1904లో పారిస్ వైద్యులు అంబార్, బోజార్ పరిశీలనలతో మొదలై, 1940లలో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ కెంప్నర్ చేతిలో తీవ్రరూపం దాల్చింది. కెంప్నర్ తన రోగులకు పెట్టింది అన్నం, పండ్లు, చక్కెర మాత్రమే. ఉప్పు గానీ ఊరగాయ గానీ లేని అన్నం రోజూ తినడం ఎంత కష్టమో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. కానీ ఆ తిండికి నిలబడగలిగిన రోగుల్లో చాలామందికి రక్తపోటు పడిపోయింది, వాపు తీసింది, పెరిగిన గుండె తగ్గింది. రక్తపోటుకు పనికివచ్చే మందులు ఇంకా రాని కాలం అది.

కృత్రిమ మూత్రపిండం పుట్టింది కూడా ఆ దశాబ్దంలోనే. జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, కాంపెన్ అనే చిన్న పట్టణంలో, విల్లెం కోల్ఫ్ 1943లో సాసేజ్‌ల తొడుగుగా వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని ఒక పీపాకు చుట్టి, ఆ పీపాను ఉప్పునీటి తొట్టెలో తిప్పుతూ, గొట్టం లోపల రోగి రక్తాన్ని పారించాడు. సెల్లోఫేన్ పొరలోని సూక్ష్మరంధ్రాల గుండా యూరియా వంటి మలినాలు నీటిలోకి వెళ్లిపోయేవి; డయాలిసిస్ అంటే మూలంలో ఇంతే. మొదటి పదిహేను మంది రోగుల్లో ఒక్కరు కూడా ఆ యంత్రం పుణ్యాన బతికారని చెప్పలేని స్థితి తరువాత, 1945 సెప్టెంబరులో 67 ఏళ్ల స్త్రీ స్పృహలోకి వచ్చి కోలుకుంది. అయితే కోల్ఫ్ యంత్రం మలినాలను తీసినంత బాగా నీటిని తీయలేదు. స్వీడన్‌లోని లుండ్ నగరంలో నీల్స్ ఆల్వాల్ 1946 ప్రాంతాన సెల్లోఫేన్ గొట్టాన్ని మూసిన గిన్నెలో బిగించి, పొరకు అటూ ఇటూ ఒత్తిడిలో తేడా కల్పించి, రక్తంలోని అదనపు నీటిని బయటికి లాగగలిగాడు. ఈ ప్రక్రియ పేరే అల్ట్రాఫిల్ట్రేషన్. నేటి డయాలిసిస్ కేంద్రాల్లో ‘నీరు తీయడం’ అని సిబ్బందీ రోగులూ చెప్పుకునేది దీన్నే. రక్తపోటు కథకు కోల్ఫ్ కంటే ఆల్వాల్ దగ్గరివాడు.

ఈ యంత్రాలన్నీ తాత్కాలికంగా మూత్రపిండాలు ఆగినవారికే పనికివచ్చేవి, ఎందుకంటే ప్రతిసారీ కొత్తగా ఒక ధమనినీ ఒక సిరనూ కోసి గొట్టాలు పెట్టాల్సివచ్చేది, కొద్దిసార్లకే కోయడానికి చోటు మిగిలేది కాదు. సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్, ఇంజనీరు వేన్ క్వింటన్ సహాయంతో, రక్తం గడ్డకట్టడానికి అంతగా వీలివ్వని టెఫ్లాన్ గొట్టాలను ముంజేతి ధమనిలోనూ సిరలోనూ శాశ్వతంగా అమర్చి, యంత్రం అక్కరలేని రోజుల్లో ఆ రెంటినీ చర్మం బయట ఒక వంకర గొట్టంతో కలిపేశాడు. 1960 మార్చి 9న ఈ షంట్‌ను అమర్చుకున్న మొదటి రోగి క్లైడ్ షీల్డ్స్, బోయింగ్ కర్మాగారంలో పనిచేసే 39 ఏళ్ల యంత్రకార్మికుడు. అతను అప్పటికే తీవ్రమైన రక్తపోటుతో ఉన్నాడు. స్క్రిబ్నర్ బృందం అతని ఆహారంలో ఉప్పును బాగా కోసేసి, దీర్ఘంగా సాగే డయాలిసిస్‌లో అదనపు నీటిని తీసేయగా ఆ రక్తపోటు అదుపులోకి వచ్చింది. కణాల వెలుపలి ద్రవం పరిమాణమే ఈ రోగుల రక్తపోటును నడిపిస్తోందని, ఉప్పు తగ్గించి నీరు తీస్తే దాన్ని లొంగదీయవచ్చునని ఆ బృందం తమ తొలి నివేదికల్లోనే రాసింది. ఒకటి రెండు వారాలైనా బతుకుతాడో లేదో అనుకున్న షీల్డ్స్ మరో పదకొండేళ్లు బతికి 1971లో గుండెపోటుతో మరణించాడు.

సియాటిల్ కేంద్రం పేరు చెప్పగానే సాధారణంగా గుర్తుకు వచ్చేది, యంత్రాలు తక్కువై రోగులు ఎక్కువైనప్పుడు ఎవరికి చికిత్స ఇవ్వాలో తేల్చడానికి 1962లో ఏర్పడిన పౌరుల కమిటీ. ఆ కమిటీ మీద లైఫ్ పత్రికలో వచ్చిన వ్యాసం ఆధునిక వైద్యనీతి చర్చకు నాంది అయింది. ఆ కీర్తి నీడలో ఉప్పు, నీరు, గంటలు అన్న నిరాడంబరమైన పాఠం కనుమరుగైందని చెప్పడం అతిశయోక్తి కాదు.

1960లలో ఈ పాఠానికి ఒక కొలత కూడా తయారైంది. ఒంట్లో అదనపు నీరేమీ మిగలకుండా, అలాగని రక్తపోటు పడిపోయి కళ్లు తిరగకుండా, డయాలిసిస్ ముగిసే సమయానికి రోగి ఉండవలసిన బరువును ‘డ్రై వెయిట్’ అన్నారు. యంత్రం ఎక్కే ముందూ దిగిన తరువాతా రోగిని తూచడం అప్పటినుంచి డయాలిసిస్ గదిలో నిత్యకృత్యమైంది. 1969లో క్లీవ్‌లాండ్ వైద్యులు వెర్టిస్, ఆయన సహచరులు 40 మంది డయాలిసిస్ రోగుల రక్తపోటును పరిశీలించి, డ్రై వెయిట్‌కు తీసుకురాగానే 35 మందిలో అది అదుపులోకి వచ్చిందని, మిగిలిన ఐదుగురిలో మాత్రం చెడిన మూత్రపిండాలు రెనిన్ అనే పదార్థాన్ని విపరీతంగా విడుదల చేస్తూ రక్తనాళాలను బిగిస్తున్నాయని చూపారు. ఆ కాలంలో అటువంటివారికి రెండు మూత్రపిండాలనూ శస్త్రచికిత్సతో తీసేసేవారు. మందులు మెరుగుపడిన కొద్దీ ఆ శస్త్రచికిత్స పోయింది, మంచిదే. కానీ మందులు ఉన్నాయి గదా అన్న ధైర్యంతో, నీరు తీయాల్సిన ఆ 35 మంది వంటివారికీ మాత్రలే రాసే అలవాటు కూడా దానితోపాటు వచ్చింది.

గంటలు తగ్గడం ఈ కథలో అసలు మలుపు. ఆస్లోలో ఫ్రెడ్రిక్ కీల్ రూపొందించిన, రక్తాన్ని శుభ్రపరిచే పెద్ద పలకల డయలైజర్‌తో వారానికి మూడు రాత్రులు ఎనిమిదేసి గంటలు చికిత్స చేయడం 1960లలో మామూలు. ఆ తరువాత సన్నని బోలు దారాలను వేల సంఖ్యలో కుదించి కట్టిన చిన్న డయలైజర్లు వచ్చి, యూరియాను నాలుగు గంటల్లో, ఇంకా తక్కువలో తీసేయగలిగాయి. అమెరికాలో 1972లో చేసిన చట్టం ప్రకారం మరుసటి ఏడాది జులై నుంచి మెడికేర్ అనే ప్రభుత్వ బీమా డయాలిసిస్ ఖర్చును భరించడం మొదలుపెట్టగా, రోగుల సంఖ్య అంచనాలను దాటిపోయింది. 1983 నుంచి ఒక్కో చికిత్సకు ఇంత అని నిర్ణీత మొత్తం చెల్లించడంతో, ఒక కుర్చీ మీద రోజుకు ఇద్దరికి బదులు ముగ్గురిని కూర్చోబెట్టగల కేంద్రానికి లాభం కనబడింది. రోగులు కూడా త్వరగా ఇంటికి వెళ్లడానికే మొగ్గు చూపారు, వారిని తప్పుపట్టడానికి లేదు.

ఈ కుదింపుకు శాస్త్రం కూడా ఆమోదముద్ర వేసింది. 1981లో ఫలితాలు వెలువడిన అమెరికా జాతీయ డయాలిసిస్ అధ్యయనం, రక్తంలో యూరియా ఎక్కువగా ఉన్నవారు ఎక్కువగా జబ్బుపడుతున్నారని తేల్చింది. చికిత్స నిడివి ప్రభావం మాత్రం గణాంకవేత్తలు గీసుకున్న 0.05 అనే గీతకు ఆవల 0.06 దగ్గర ఆగిపోవడంతో, నిడివికి ప్రాముఖ్యం లేదన్న అర్థం స్థిరపడిపోయింది. ఒక చికిత్సా విధానం భవిష్యత్తు నూటికి ఒక పాలు తేడా మీద తేలిపోవడం అరుదు. 1985లో గాచ్, సార్జెంట్ అదే సమాచారాన్ని మళ్లీ విశ్లేషించి, యూరియా ఏ మేరకు శుభ్రపడిందో చెప్పే ‘కేటీ బై వీ’ అనే సూచికను ప్రతిపాదించారు. శుభ్రపరిచే వేగాన్ని కాలంతో హెచ్చవేసి, శరీరంలోని నీటి పరిమాణంతో భాగిస్తే వచ్చే ఈ అంకె ఒకటి దాటితే చాలునన్న భావన వ్యాపించింది. వేగం పెంచితే కాలం తగ్గించినా అంకె మారదు. ఉప్పూ నీరూ ఆ అంకెలో ఎక్కడా లేవు.

మూడు లీటర్ల నీరు చేరిన 60 కిలోల రోగిని తీసుకుంటే తేడా తెలుస్తుంది. ఎనిమిది గంటల్లో ఆ నీరు తీయడానికి గంటకు కిలో బరువుకు సుమారు 6 మిల్లీలీటర్లు లాగితే చాలు; నాలుగు గంటల్లో అయితే పన్నెండున్నర, మూడు గంటల్లో అయితే దాదాపు 17 మిల్లీలీటర్లు లాగాలి. కణజాలంలోని నీరు రక్తనాళాల్లోకి తిరిగి వచ్చే వేగానికి ఒక హద్దు ఉంది. యంత్రం అంతకంటే వేగంగా లాగితే నాళాల్లో రక్తం తగ్గి, చికిత్స మధ్యలో రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, వాంతులవుతాయి, సిబ్బంది పరుగున వచ్చి సెలైన్ ఎక్కిస్తారు. దీన్ని తప్పించడానికి డయాలిసిస్ ద్రవంలో సోడియం పాలు పెంచారు. పిక్కలు పట్టేయడం తగ్గింది గాని, రోగి ఒంట్లో ఉప్పు మిగుల్చుకుని ఇంటికి వెళ్లి, దాహంతో మరింత నీరు తాగి, మరింత బరువుతో, మరింత రక్తపోటుతో తిరిగి రావడం మొదలైంది. అప్పుడు రక్తపోటు మాత్రలు రాశారు. ఆ మాత్రల వల్ల మరుసటి చికిత్సలో నీరు తీయడం ఇంకా కష్టమైంది. గంటల కుదింపు తెచ్చిన ఈ విషవలయాన్ని రోగి క్రమశిక్షణ లోపంగా చూడడం ఆనాటి వాడుక. ఆ నింద చాలావరకు అన్యాయం.

ఫ్రాన్స్‌లో లియాన్ నగరం పక్కనున్న టాసిన్‌లో మాత్రం గడియారం కదలలేదు. 1960ల చివర గీ లోరాం స్థాపించిన అక్కడి కేంద్రంలో, సియాటిల్‌లో స్క్రిబ్నర్ వద్ద పనిచేసి వచ్చిన బెర్నార్ షరా చేరాడు. 1974లో స్క్రిబ్నర్ బృందం తమ తొలి 39 మంది రోగుల చరిత్రను తిరగేసి, మరణాల్లో పెద్ద భాగం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనేనని ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసానికి షరా కూడా సహరచయిత. టాసిన్‌లో రోగులు వారానికి మూడుసార్లు, ఎనిమిదేసి గంటలు, పాత పలకల డయలైజర్ల మీదే పడుకున్నారు. కొత్తగా చేరినవారికి ఉప్పు తగ్గించి, వారాల తరబడి మెల్లగా డ్రై వెయిట్‌కు దించుతూ, ఒక్కొక్క రక్తపోటు మాత్రనే మాన్పించేవారు. నీరు సరిపడా తీసిన తరువాత కూడా రక్తపోటు వెంటనే తగ్గక, కొన్ని నెలల పాటు మెల్లగా దిగుతూ వస్తుందని, ఆ ఆలస్యాన్ని ఓపికగా భరించని వైద్యుడు నీరు తీయడం వల్ల లాభం లేదనుకుని మాత్రల వైపు తిరుగుతాడని షరా హెచ్చరించాడు.

1992లో టాసిన్ బృందం 445 మంది రోగుల ఫలితాలు ప్రచురించింది. ఐదేళ్లకు నూటికి 87 మంది, పదేళ్లకు 75 మంది, పదిహేనేళ్లకు 55 మంది, ఇరవై ఏళ్లకు 43 మంది బతికి ఉన్నారు. నూటికి 98 మందికి మందులు లేకుండానే రక్తపోటు అదుపులో ఉంది. అమెరికాలో ఏటా దాదాపు అయిదుగురు డయాలిసిస్ రోగుల్లో ఒకరు మరణిస్తున్నారన్న ఆందోళనతో, 1989లో డల్లాస్‌లో సమావేశం పెట్టుకున్న నిపుణులకు ఈ అంకెలు నమ్మశక్యం కాలేదు. టాసిన్ రోగులు సగటున చిన్నవయసువారని, మధుమేహం ఉన్నవారు వారిలో తక్కువని, ఫ్రాన్స్‌లో గుండెజబ్బులే తక్కువని వచ్చిన విమర్శల్లో నిజం ఉంది. యాదృచ్ఛికంగా రెండు గుంపులు చేసి పోల్చిన ప్రయోగం కాదది. ఒక కేంద్రం తన అలవాటును ఎన్నడూ మార్చుకోకపోవడం వల్ల దొరికిన ఆధారం. దాన్ని రుజువుగా కాక బలమైన సాక్ష్యంగా తీసుకోవడమే సరి. 1999లో స్టాక్‌హోం, టాసిన్ రోగులను పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధకులు, ద్రవాన్ని సరిగ్గా అదుపు చేస్తే తక్కువ గంటల చికిత్సలో కూడా రక్తపోటు సాధారణంగా ఉండగలదని, కాకపోతే అది చాలా కష్టమని తేల్చారు.

ఇంతలో మరోవైపు నుంచి గందరగోళం వచ్చింది. 1998లో జాగర్, ఆయన సహచరులు అమెరికాలోని 5,433 మంది రోగుల రక్తపోటునూ మరణాలనూ జోడించి చూడగా వచ్చిన వక్రరేఖ ఇంగ్లీషు ‘యు’ అక్షరంలా ఉంది: డయాలిసిస్ తరువాత పై రక్తపోటు 180 దాటినవారిలో మరణాలు ఎక్కువ, 110 కంటే తక్కువ ఉన్నవారిలో కూడా ఎక్కువ, మధ్యలో ఉన్నవారి మధ్య పెద్ద తేడా లేదు. ఇతర అధ్యయనాల్లో కొన్నింటిలో తక్కువ రక్తపోటు వల్లనే ప్రమాదం కనబడింది గాని ఎక్కువ రక్తపోటు వల్ల కనబడలేదు. సాధారణ జనంలో 150 రక్తపోటు ఆయుష్షును తగ్గిస్తుందనడంలో సందేహం లేని కాలంలో, డయాలిసిస్ రోగికి అదే మేలు చేస్తుందేమోనన్న మాట వైద్యసభల్లో వినిపించింది; 2003 ప్రాంతంలో దీనికి ‘తిరగబడిన సాంక్రమికశాస్త్రం’ అన్న పేరు కూడా స్థిరపడింది.

విడమరచి చూస్తే ఈ వైరుధ్యం చాలావరకు కరిగిపోతుంది. ఏళ్ల తరబడి అధిక రక్తపోటు మోసిన గుండె చివరికి అలసి పంపు చేయలేని స్థితికి చేరినప్పుడు రక్తపోటు తనంతట తాను పడిపోతుంది. అటువంటి రోగి త్వరలో మరణిస్తే లెక్కల పుస్తకంలో ‘తక్కువ రక్తపోటు’ పక్కన ఆ మరణం నమోదవుతుంది. ఫోలీ, పార్ఫ్రీ కెనడాలో 1996లో చూపినదీ ఇదే: రక్తపోటు పెరిగే కొద్దీ గుండె గోడ మందమై, గుండె వైఫల్యం ముంచుకొస్తుంది, వైఫల్యం వచ్చాక తక్కువ రక్తపోటే మరణానికి ముందు గుర్తు. ఉరుగ్వే రోగుల మీద జరిగిన ఒక పరిశీలనలో కూడా మొదటి ఏళ్ల మరణాలకు తక్కువ రక్తపోటుతోనూ, తరువాతి ఏళ్ల మరణాలకు ఎక్కువ రక్తపోటుతోనూ సంబంధం తేలింది. రక్తపోటు చేసే హాని నెమ్మది. ఏడాది రెండేళ్లు చూసి ఆపేసే అధ్యయనానికి అది దొరకదు. పైగా డయాలిసిస్‌కు ముందు నీటితో నిండి ఉన్నప్పుడూ, దిగగానే నీరు తీసినప్పుడూ కొలిచే రక్తపోటు రోగి మిగతా రోజులన్నీ మోసే రక్తపోటు కానేకాదు. ఇండియానాపొలిస్‌లో రాజీవ్ అగర్వాల్ ఇంటివద్ద కొలిచిన రక్తపోటును పట్టించుకున్నప్పుడు, అధిక రక్తపోటుకూ మరణానికీ మామూలు మనుషుల్లో ఉన్న సంబంధమే ఈ రోగుల్లోనూ బయటపడింది. ఆయనే 2009లో 150 మంది మీద చేసిన ప్రయోగంలో, మాత్రలు పెంచకుండా డ్రై వెయిట్‌ను మాత్రమే దించగా, ఎనిమిది వారాల్లో రోజంతటి సగటు పై రక్తపోటు సుమారు 7 మిల్లీమీటర్లు తగ్గింది. సియాటిల్‌లో 1960లో ఒక్క రోగిలో కనిపించినది యాదృచ్ఛిక ప్రయోగంగా రుజువు కావడానికి నలభై తొమ్మిదేళ్లు పట్టింది.

మాత్రలు వృథా అని కూడా అనలేము. 2009లోనే లాన్సెట్ పత్రికలో వచ్చిన ఎనిమిది ప్రయోగాల సమీక్ష, రక్తపోటు మందులు వాడిన డయాలిసిస్ రోగుల్లో గుండెజబ్బు ఘటనలూ మరణాలూ తగ్గాయని చూపింది. అయితే టర్కీలోని ఇజ్మీర్‌లో, ఒకచోట ఉప్పు తగ్గించి నీరు తీయడం మీద, మరోచోట మందుల మీద ఆధారపడిన రెండు కేంద్రాలను పోల్చినప్పుడు, రెండుచోట్లా రక్తపోటు దాదాపు సమానంగా ఉన్నా గుండె గోడ మందం మందుల కేంద్రంలోనే ఎక్కువగా ఉంది. అంకె ఒకటే అయినా దాన్ని ఎలా తెచ్చారన్నది గుండెకు తెలుస్తుంది. మరోవైపు యూరియాను ఇంకా ఎక్కువ శుభ్రపరిస్తే ఆయుష్షు పెరుగుతుందా అని 1,846 మందితో చేసిన హీమో ప్రయోగం 2002లో లేదని తేల్చగా, వారానికి ఆరుసార్లు చికిత్స చేసిన ప్రయోగం 2010లో రక్తపోటునూ గుండె బరువునూ తగ్గించి చూపింది.

తెలుగు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ ద్వారా, 2016 నుంచి కేంద్ర ప్రభుత్వ జాతీయ డయాలిసిస్ పథకం ద్వారా, ఒకప్పుడు నగరాల్లో డబ్బున్నవారికే అందిన యంత్రం జిల్లా ఆసుపత్రులకూ శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల దగ్గరి కేంద్రాలకూ చేరింది. అయినా దేశంలో చాలాచోట్ల నడిచేది వారానికి రెండుసార్లు, నాలుగు గంటల పద్ధతే. ప్రయాణం, కూలి పోవడం, తోడు వచ్చేవారి ఇబ్బంది దీనికి కారణాలు. రెండు చికిత్సల మధ్య మూడు నాలుగు రోజుల విరామంలో ఆవకాయా అప్పడమూ మానుకోవడం ఎంత ముఖ్యమో 9 గ్రాముల ఉప్పుకు లీటరు ద్రవమన్న లెక్కను బట్టి ఊహించవచ్చు.

స్క్రిబ్నర్ చివరిదాకా గంటల పక్షాన్నే నిలిచాడు. 1999లో, డయాలిసిస్ రోగుల రక్తపోటును మందులు అదుపు చేయగలవా అన్న ప్రశ్నకు కాదని వాదించాడు. 2002లో, అంటే మరణానికి ఏడాది ముందు, డిమిట్రియోస్ ఒరియోపోలస్‌తో కలిసి కేటీ బై వీకి బదులుగా ఒక సరళమైన సూచికను ప్రతిపాదించాడు. ఒక్కో చికిత్సకు ఎన్ని గంటలో ఆ అంకెను, వారంలో చికిత్సల సంఖ్య వర్గంతో హెచ్చవేయడమే అది. ఆ సూత్రం ప్రకారం టాసిన్ పద్ధతికి 72, వారానికి మూడుసార్లు నాలుగు గంటల పద్ధతికి 36, వారానికి రెండుసార్లు నాలుగు గంటల పద్ధతికి 16 వస్తుంది. ఇంకా మూత్రం కొంత వస్తున్న రోగికి ఈ 16తో కొన్నాళ్లు గడవవచ్చు గాని, అది ఆగిపోయిన రోజు నుంచి లెక్క మారిపోతుంది.